అత్తయ్య సాలీడు

జూన్ 3

మా మ్యూజియం పెద్దాయనకి నేను పెట్టుకున్న పేరు గడియారం గారు. ఈ రోజు కూడా సరిగ్గా నేను టీ కప్పు నోటి దగ్గర పెట్టుకునే వేళకి వచ్చి నిలబడ్డారు. "పక్షులయ్యాయి, పాములయ్యాయి, కప్పలు కూడా అయ్యాయి. సాలీళ్ళ పుస్తకం ఎక్కడమ్మా?" అన్నారు. ఆ "కూడా" పక్క బల్ల దగ్గరున్న కప్పలాయనకి వినబడింది. ఆయన ముఖం చూసి నవ్వాపుకోలేక చచ్చాను.

ఇంటికొస్తే మామయ్య ప్రశ్న మామూలే. చెప్పులైనా విప్పలేదు. "ఆడది దొరికిందా?"

"లేదు మామయ్యా."

"వెతకాలమ్మాయ్. ఎక్కడికీ పోదు. ఎక్కడో ఉండే ఉంటుంది."

కుడిచేతిలో రబ్బరు బంతి పెట్టుకుని నొక్కుతున్నారు. నొక్కడం అని మర్యాదకి అంటున్నాను కానీ, వేళ్ళు ఊరికే దాని మీద వాలి ఉన్నాయి. చలికాలంలో వచ్చిన పక్షవాతం మాటనీ కాలినీ వదిలిపెట్టి ఆ చేతినొక్కదాన్నే పట్టుకుంది. మందు వేసుకోమంటే చిన్నపిల్లాడిలా పేచీ పెట్టే మనిషి, ఈ బంతితో మాత్రం రోజూ కుస్తీ పడుతున్నారు. ఆడది దొరికిన రోజున దాని బొమ్మ తన చేత్తోనే గీయాలట. డాక్టరు కూడా అదే అన్నాడు, ఏ పిచ్చితో చేస్తున్నారో ఆ పిచ్చిని మాత్రం వదలనివ్వకండి అని.

జూన్ 5

మధ్యాహ్నం మ్యూజియంలో బీరువా తెరిచి అత్తయ్య సాలీడు సీసా తీశాను. మెడకి ఎర్ర చీటీ. ఎర్ర చీటీ అంటే ఒక జాతి పేరు మొత్తం ఆ ఒక్క ప్రాణి మీద నిలబడి ఉందని. స్పిరిట్‌లో బియ్యపు గింజంత సాలీడు, కాళ్ళు ముడుచుకుని ఉంది. మామయ్య పెళ్ళయిన కొత్తలో పట్టి, లోకానికి కొత్త జాతి అని రాసి, అత్తయ్య పేరు పెట్టారు.

"అందరి మొగుళ్ళూ నగ తెస్తారు, నా మొగుడు సాలీడు తెచ్చాడు. పోనీ సింహం దొరకలేదా అంటే, దానికి ఎవరో ముందే పేరు పెట్టేశారట" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి వెక్కిరిస్తుంది అత్తయ్య. అందులోనూ అది మగది. ఇప్పటిదాకా ఎవరికి దొరికినా మగవే దొరికాయి. మామయ్య జీవితమంతా దాని ఆడదాని కోసం వెతికారు.

దొరికేది ఎప్పుడూ బొజ్జమ్మ గూట్లోనే. బొజ్జమ్మ పేరు మేం ఇంట్లో పెట్టుకున్నది. చెట్ల మధ్య పెద్ద గూడు కట్టుకుని కూర్చునే లావుపాటి సాలీడు. దానికి అసలు పేరు మా తాతల కాలంలోనే ఎవరో పెట్టారు. ఆ గూటి మూల నక్కి, బొజ్జమ్మ లెక్కచేయని చిన్న చిన్న ఈగల్ని ఏరుకుని తింటూ ఉంటుంది అత్తయ్య సాలీడు. రెండింటికీ పోలికే లేదు. రంగు వేరు, ఆకారం వేరు, పరిమాణం సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని మామయ్య వీటిని వేరే జాతులనడమే కాదు, జాతికి పైమెట్టు ఉంటుందే, ప్రజాతి, అందులోనూ వేరుచేసి పెట్టారు. ఒకరి గూట్లో ఇంకొకరు చిల్లర దొంగతనం చేసుకుని బతికే సంబంధం అని పాఠం చెప్పారు. ఆ పాఠం నేనూ విన్నాను, పరీక్షలో రాశాను, మంచి మార్కులు తెచ్చుకున్నాను, ఆ తర్వాత మాస్టారి కొడుకునే చేసుకున్నాను.

జూన్ 12

మ్యూజియం తోటలో బొజ్జమ్మ గుడ్ల సంచి దొరికింది. ఇంటికి తెచ్చాను. దీని పిల్లల్ని పెంచి, ఏ వయసులో ఎలా ఉంటాయో పుస్తకంలో రాస్తే గడియారం గారి నోరు కొన్నాళ్ళు మూతపడుతుంది.

"వంటింట్లోనా!" అంది అత్తయ్య.

"అక్కడే వెచ్చగా ఉంటుంది అత్తయ్యా."

"మీ మామయ్య తేళ్ళు తెచ్చి ఇదే మాట అన్నారు."

అంటూనే షెల్ఫులో డబ్బాలు జరిపి చోటిచ్చింది.

జూన్ 21

పిల్లలు బయటికొచ్చాయి. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి దేని సీసా దానికే. వాటికి తిండి కోసం ఈగలు, ఈగల కోసం కుళ్ళిన అరటిపళ్ళు. ఇల్లంతా కంపు. మా ఆయన పళ్ళ డాక్టరు. రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిచి చూసే మనిషి, ఇంటికొచ్చి ముక్కు మూసుకుంటున్నారు. ఎంత సుకుమారమో!

తోటలో ఇంకో చెట్టు మీద రెండో సంచి కూడా దొరికింది.

జూలై 9

పొద్దున్న నేను లేచేసరికే అత్తయ్య సీసాలకి ఈగలు వేసేసింది. ఒక్కొక్కదానికీ పేరు పెట్టిందట. నాకు తెలియకుండా వాటితో మాట్లాడుతోంది కూడా. "తినవే, ఆ కాళ్ళు చూడు, పుల్లల్లా ఉన్నాయి" అంటుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఈవిడంటే నాకు ఎంత ఇష్టమో ఈవిడకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుంది.

ఆగస్టు 13

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

బొజ్జమ్మ పిల్లల్లో కొన్ని పెరగడం మానేశాయి. మిగతావి పెరుగుతుంటే ఇవి బియ్యపు గింజంత దగ్గర ఆగిపోయాయి. జబ్బేమో అనుకున్నాను. ఈ రోజు ఒకటి కుబుసం విడిచింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. నోటి పక్కన చిన్న చేతుల చివర్లు ఉబ్బి ఉన్నాయి. మగది. ఎదిగిన మగది.

అత్తయ్య సాలీడు.

ఆగస్టు 14

దొంగ గుడ్లేవో బొజ్జమ్మ సంచిలో కలిసి ఉంటాయి. అంతే. గూట్లో ఉండేది సంచిలో ఉండదా?

ఆగస్టు 16

రెండో సంచిలోనూ అదే.

ఆగస్టు 17

రెండు సంచుల్లోనూ కలిసి ఉండవచ్చు. ఎందుకు ఉండకూడదు!

ఆగస్టు 20

నన్ను నేను ఎంతకని మభ్యపెట్టుకుంటాను? తోటలోంచి ఎదిగిన బొజ్జమ్మని తెచ్చి పెరటి వరండాలో వదిలాను. గూడు కట్టుకున్నాక సీసాలోంచి ఒక మగవాణ్ణి తీసి దాని అంచున పెట్టాను. వాడు దొంగలా నక్కలేదు. ఒక దారాన్ని పట్టుకుని మెల్లగా మీటాడు. ఆగాడు. మళ్ళీ మీటాడు. బొజ్జమ్మ కదల్లేదు. వాడు దాని వీపెక్కి కిందికి దిగి, తన పని తాను చేసుకున్నాడు.

అత్తయ్య నా భుజం మీదుగా చూస్తోంది. "ఓసినీ! పట్టపగలు, కోడలి ముందు! వీడికి సిగ్గూ శరం ఉన్నాయా?" అంది.

నాకు నవ్వు రాలేదు. దొంగ కాదు వాడు, మొగుడు. మామయ్య జీవితమంతా వెతికిన ఆడది బొజ్జమ్మే. వెతికిన ప్రతిసారీ ఆయన కళ్ళ ముందే కూర్చుని ఉంది.

ఇప్పుడు రూలు ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. బొజ్జమ్మ పేరు పాతది. అత్తయ్య పేరు మునిగిపోతుంది. ముంచాల్సింది నేను. ఈ ఇంటి కోడల్ని.

ఆగస్టు 22

మా ఆయనకి చెప్పాను. "నాన్నకి చెప్పకు" అన్నారు.

"పుస్తకంలో ఏం రాయను?"

"రెండూ వేరేవని రాసెయ్. సాలీళ్ళేమైనా కోర్టుకెళ్తాయా?"

"అబద్ధం రాయమంటారా?"

"అది కాదే. ఆడది దొరుకుతుందనే ఆశ మీదే కదా ఆయన ఆ చెయ్యి ఆడిస్తున్నది. నిన్న స్పూను పట్టుకున్నారు, చూశావా? నువ్వు ఈ మాట చెప్పిన రోజున ఆ బంతి పక్కన పెట్టేస్తారు. అప్పుడేం చేస్తావు?"

స్పూను పట్టుకోవడం నేనూ చూశాను.

ఆగస్టు 25

ఇంకా నమూనాలు కావాలి. తొందరపడి చెప్పకూడదు.

ఆగస్టు 27

గడియారం గారు వచ్చారు. నమూనాలు కావాలని చెప్పాను.

ఆగస్టు 28

నమూనాలేం అక్కర్లేదు. నాకు ధైర్యం కావాలి, అది సీసాల్లో దొరకదు.

ఆగస్టు 30

ఈ రోజు రెండు జాతులనీ వేరువేరుగా టైపు చేశాను. ఒక పేజీలో బొజ్జమ్మ, కొన్ని పేజీల తర్వాత అత్తయ్య సాలీడు. "ఆడది ఇంకా తెలియదు" అని కూడా రాశాను. రాసి, కుర్చీలో వెనక్కి వాలి చూసుకున్నాను. నాకు ఈ పని నేర్పిందెవరు? ఒక వెంట్రుక తేడా కనబడితే మళ్ళీ చూడు, నువ్వు ఇష్టపడినట్టు కాదు అది ఉన్నట్టు రాయి అని క్లాసులో నా చెవులు మెలిపెట్టినంత పని చేసిన మనిషి మామయ్యే. ఆయన్ని కాపాడాలని ఆయన పరువే తీస్తున్నాను.

చెరిపేశాను. రేపు ఆదివారం. చెప్పేస్తాను.

ఆగస్టు 31

చెప్పేశాను. అసలు నేను చెప్పనే లేదు. మైక్రోస్కోపు హాల్లోకి తెచ్చి మామయ్య కుర్చీ ముందు పెట్టి, ఒకే సంచిలో పుట్టిన తమ్ముణ్ణీ అక్కనీ ఒకే పళ్ళెంలో పెట్టి, "చూడండి మామయ్యా" అన్నాను.

చాలాసేపు చూశారు. తర్వాత తల ఎత్తకుండానే ప్రశ్నలు మొదలుపెట్టారు. గొంతు అచ్చం క్లాసులో గొంతే.

"ఒకే సంచివా?"

"అవును మామయ్యా."

"బయటివి కలిసే అవకాశం?"

"లేదు. రెండో సంచిలోనూ ఇంతే."

"జత కట్టడం చూశావా?"

"చూశాను. అత్తయ్య కూడా చూసింది."

కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే ఆడదాన్ని నేను చూశాను" అన్నారు. "ప్రతిసారీ చూశాను. మగవాడికి దెబ్బ తగలకూడదని, దాన్ని బ్రష్షుతో పక్కకి నెట్టి మరీ వీణ్ణి పట్టుకునేవాణ్ణి" అన్నారు.

తలుపు దగ్గర నిలబడిన అత్తయ్య, "పక్కనున్న ఆడదాన్ని చూడకపోవడం మీకు కొత్తా ఏమిటి?" అంది. నేను నవ్వాను. మా ఆయన నవ్వారు. మామయ్య నవ్వలేదు. బంతి ఆయన ఒళ్ళోంచి జారి కుర్చీ కిందికి పోయింది, తీసి ఇస్తే తీసుకోలేదు.

"మరి పేరు?" అని అడిగింది అత్తయ్య నన్ను.

"పాతదే ఉంటుంది అత్తయ్యా. రూలు."

"ఓహో" అని లోపలికెళ్ళింది.

సెప్టెంబర్ 2

మామయ్య భోజనం సగంలో లేచిపోయారు. బంతి ముట్టుకోలేదు.

సెప్టెంబర్ 3

ముట్టుకోలేదు. మా ఆయన నన్ను ఏమీ అనలేదు. అనకపోవడం ఆయనకి బాగా చేతనవును.

సెప్టెంబర్ 5

కూరలో ఉప్పు లేదు. నిన్నా లేదు. సీసాల్లో రెండు పిల్లలు చచ్చిపోయాయి. అత్తయ్య ఈగలు వేయడం మర్చిపోయిందట. పెద్దవయసు కదా. పాపం, మామయ్య మీద బెంగతో ఉంది. నాకూ అదే బెంగ.

సెప్టెంబర్ 7

పొద్దున్నే కాఫీ కూడా రాకముందే మామయ్య నన్ను పిలిచారు. ఆయన ఒళ్ళో బంతి ఉంది.

"ఈ తప్పు దిద్దే పేపరు నేను రాస్తానమ్మాయ్. నేను చెబుతాను, నువ్వు టైపు చెయ్యి."

"నేను రాస్తాను లెండి మామయ్యా, మీరెందుకు..."

"నేను పెట్టిన పేరు. నేనే తియ్యాలి. ఇంకొకళ్ళ చేత తీయించుకుంటానా?" తర్వాత కళ్ళు చిట్లించి, "నువ్వు ఎన్నాళ్ళు దాచావు?" అన్నారు.

"రెండు వారాలు."

"బుద్ధి లేదూ! రెండు వారాల్లో ఇంకెవడైనా ప్రచురించి ఉంటే? పప్పులో కాలేసింది నేను కాబట్టి, కడుక్కోవాల్సిందీ నేనే."

ఆ తిట్లకి నా ప్రాణం లేచొచ్చింది. అంతలో అత్తయ్య కాఫీలు తెచ్చింది. మామయ్య హుషారుగా, "ఏమోయ్, పిల్లల్ని పెంచింది నువ్వు కదా. పేపరు మీద నీ పేరు కూడా వేస్తాం" అన్నారు.

"నా పేరు కొట్టేసే కాగితం మీద మళ్ళీ నా పేరెందుకండీ?" అని నవ్వి వెళ్ళిపోయింది. మామయ్య కూడా నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. కప్పు నా చేతికిస్తున్నప్పుడు ఆవిడ కళ్ళు చూశాను.

సెప్టెంబర్ 8

ఎంత మొద్దుదాన్ని! ఇన్నాళ్ళూ పేజీలకి పేజీలు రాశాను కదా, అంతా మామయ్య గురించే. పేరు ఎవరిదో వాళ్ళ గురించి ఒక్క ముక్క రాశానా?

సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, మీకు బాధగా ఉందా?"

"దేనికి?"

"పేరు పోతున్నందుకు."

"పోతే పోనీ. సాలీడుకి ఏమైనా తెలుస్తుందా, నాకేమైనా తెలుస్తుందా."

"మరి దాన్ని అందరి ముందూ అంత వెక్కిరించేవారు కదా!"

"వెక్కిరిస్తే ఇష్టం లేదనా?" అంది. చేతిలో దిండుగలీబు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "మీ మామయ్య నన్ను పేరు పెట్టి పిలవడం నువ్వెప్పుడైనా విన్నావా?"

ఆలోచించాను. ఏమోయ్. ఇదిగో. వింటున్నావా. మీ అమ్మ ఎక్కడరా. మీ అత్తయ్యని పిలువు.

"ఆ పేరు ఆయన నోట్లోంచి రావాలంటే సాలీడు గురించి మాట్లాడాలి. మీరంతా ఇంటికి పాఠానికి వచ్చేవాళ్ళు, గుర్తుందా? కాఫీలు పనమ్మాయి చేత పంపించొచ్చు. నేనే తెచ్చేదాన్ని. ఎందుకనుకున్నావు? ఆయన ఆ బొమ్మ చూపించి నా పేరు చెప్పేవారు. ఎంత ముద్దుగా అనేవారే! వెంటనే ఈ కాళ్ళెన్ని, ఆ కళ్ళెన్ని అని మొదలెట్టేవారనుకో. అయినా ఆ ఒక్క మాట వినడానికి ట్రే పట్టుకుని తలుపు వెనకాల నిలబడేదాన్ని."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా తల మీద ఒక్కటి మొట్టి, "ఆయనకి చెప్పావంటే ఊరుకోను. చెప్పించుకుని పిలిపించుకునే పిలుపు నాకక్కర్లేదు" అంది.

చెప్పను. చెప్పనని ఒట్టు వేశాను.

సెప్టెంబర్ 11

పేపరు సాగుతోంది. మామయ్య కాళ్ళ కొలతలు, కళ్ళ అమరిక గుక్క తిప్పుకోకుండా చెబుతున్నారు. గూటిలో మగవాడి ప్రవర్తన దగ్గర, "దొంగ అని నేను ఇంతకుముందు రాసింది తప్పు" అని తనే చెప్పి, "తప్పు అన్నమాట కింద గీత గీయి" అన్నారు. అత్తయ్య గదిలోకి రావడం లేదు.

సెప్టెంబర్ 14

పేపరు అయిపోయింది. ఇది మర్చిపోకముందే రాసుకోవాలి. మర్చిపోతానా!

చివరి పేరా మిగిలింది. మామయ్య కుర్చీలో ఉన్నారు, నేను లాప్‌టాప్ ముందు. అత్తయ్యని నేనే పిలిచాను, ఒంటరిగా వంటింట్లో కూర్చోవద్దని. పళ్ళెం నిండా చిక్కుడుకాయలు పట్టుకొచ్చి మంచం మీద కూర్చుని ఈనెలు తీస్తోంది.

"పైన చూపిన ఆధారాలను బట్టి" అన్నారు మామయ్య. టైపు చేశాను. ఆగారు. "పైన చూపిన ఆధారాలను బట్టి" అని మళ్ళీ అన్నారు. తర్వాత రావలసింది అత్తయ్య పేరు, ఆ తర్వాత అది వేరే జాతి కాదన్న మాట. మంచినీళ్ళు అడిగారు. ఇచ్చాను. తాగి, గ్లాసు చూస్తూ కూర్చున్నారు. పేరు తీస్తానని అంత పౌరుషంగా చెప్పిన మనిషికి నోరు పెగల్లేదు. నేనే ఆ మాట అనేద్దామనుకున్నాను. నావల్లా కాలేదు.

"రాయమ్మాయ్" అంది అత్తయ్య.

తన పేరు తనే చెప్పింది. ఎవరో పక్కింటావిడ పేరు చెప్పినట్టు చెప్పింది. "అది వేరే జాతి కాదు. పాత పేరే నిలుస్తుంది. ఈ పేరు ఇకనుంచి ఎవరూ వాడకూడదు. అంతేనా అండీ? సరిగ్గానే చెప్పానా?"

చేతిలో చిక్కుడుకాయ తుంచి పళ్ళెంలో వేసింది. మామయ్య తల ఊపారు.

నేను టైపు చేశాను. తప్పులు పడ్డాయి, దిద్దుకుంటూ చేశాను.

అప్పుడు మామయ్య ఆ పేరు అన్నారు.

అత్తయ్య తలెత్తలేదు. సాలీడు గురించి ఇంకేదో వాక్యం చెప్పబోతున్నారనుకుంది. నేనూ అలాగే అనుకుని, వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని ఎదురుచూశాను.

వాక్యమేదీ రాలేదు. మామయ్య స్క్రీను వైపు చూడటం లేదు, నా వైపు చూడటం లేదు. మంచం వైపు చూస్తూ, ఇంకాస్త గట్టిగా, మళ్ళీ పిలిచారు.

అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

"నన్నా?" అంది.